జిరాక్స్ షాపులో లినక్స్ మింట్: కొన్నేళ్ళు వాడాక చెబుతున్న మాట

తిరుపతి బాలాజీ కాలనీ దగ్గర మాది చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. ఎస్వీ యూనివర్సిటీ పిల్లల ప్రాజెక్టు రికార్డులు, పెళ్ళిపత్రికలు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, దర్శనం టికెట్లు, ఇవే మా పని. ఒక్క సిస్టమ్ తప్ప మిగతావన్నీ కొన్నేళ్ళుగా లినక్స్ మింట్ (విండోస్‌కి బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) మీదే నడుస్తున్నాయి. ఇదే లైనులో ఉన్నవాళ్ళు ఎవరైనా మారాలా వద్దా అని ఆలోచిస్తుంటే వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. లినక్స్ ఉచితం కాబట్టి మారండి అంటే మా లైనులో ఎవరూ మారరు. విండోస్ క్రాక్ కాపీ కూడా ఉచితమే కదా అంటారు. అసలు ఖర్చు మిషన్ దగ్గర వస్తుంది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 పద్ధతిగా వెయ్యాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచి పైవి కావాలి. మా దగ్గరున్నవి నాలుగో తరం ఐ3లు. నిక్షేపంగా పనిచేస్తున్న వాటిని పాత సామాను కింద అమ్మెయ్యడానికి మనసొప్పలేదు. మింట్‌కి 2 జీబీ ర్యామ్ ఉన్నా చాలు, 4 ఉంటే హాయి. డిస్కులో 20 జీబీ జాగా ఇస్తే సరిపోతుంది. నేను వేసింది తేలికపాటి ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. దాంతోపాటు పాత హార్డ్ డిస్కులు తీసేసి ఎస్ఎస్‌డీలు పెట్టించాను. పెరిగిన స్పీడులో సగం పుణ్యం ఆ ఎస్ఎస్‌డీలదే. అంతా లినక్స్ మహిమే అనేవాళ్ళ మాట నమ్మొద్దు.

నన్ను నిజంగా కట్టిపడేసింది మాత్రం పెన్‌డ్రైవ్. జిరాక్స్ షాపంటే ఊరందరి పెన్‌డ్రైవ్‌లూ దూరే చోటు. రికార్డు సబ్మిషన్ ముందురోజు ఒక పిల్లోడు పరిగెత్తుకుంటూ వస్తాడు: "ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయినాయన్నా, నొక్కితే ఏమీ రాలేదు." ఆ వైరస్ చేసేది ఇంతే: అసలు ఫోల్డర్‌కి హిడెన్ అని గుర్తు పెట్టి దాచేస్తుంది, అదే పేరుతో ఒక షార్ట్‌కట్ తయారుచేసి ఎదురుగా పెడుతుంది. మనం దాన్ని నొక్కగానే వైరస్ మన సిస్టమ్‌లోకి దిగుతుంది. లినక్స్ ఆ హిడెన్ గుర్తుని లెక్కచెయ్యదు. అదే పెన్‌డ్రైవ్ మింట్‌లో పెడితే అసలు ఫోల్డరూ కనిపిస్తుంది, పక్కనే దొంగ షార్ట్‌కట్ కూడా .ఎల్ఎన్‌కే అని తోకతో సహా దొరికిపోతుంది. ఒక్కోసారి ఫైళ్ళన్నీ పేరే లేని ఫోల్డర్ ఒకదాంట్లో కుక్కి ఉంటాయి. వాటిని బయటికి తీసి, షార్ట్‌కట్‌లు డిలీట్ చేసి ఇస్తే ఆ పిల్లోడి మొహం చూడాలి! దీనికి మేము డబ్బులు తీసుకోం, కానీ బైండింగ్ మాత్రం మా దగ్గరే చేయించుకుని పోతాడు.

తెలుగు టైపింగ్ దగ్గర రెండు ముక్కలు వేరువేరుగా చెప్పాలి. ఫోన్లలో, వెబ్‌సైట్లలో కనిపించే యూనికోడ్ తెలుగుకి ఏ ఇబ్బందీ లేదు. ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ ప్రోగ్రాములు వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ కీబోర్డులు మూడూ వస్తాయి. మండలి, రామభద్ర, సురవరం లాంటి ఉచిత ఫాంట్లు ఉండనే ఉన్నాయి. పత్రికల డిజైన్‌కి స్క్రైబస్ అనే పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. దాని పాత 1.4 వెర్షన్‌లో తెలుగు ఒత్తులు చెల్లాచెదురయ్యేవి. 2024లో వచ్చిన 1.6తో ఆ బాధ తీరింది. ఆఫ్‌సెట్ ప్రెస్‌వాళ్ళు అడిగే సీఎంవైకే (అచ్చుకి వాడే నాలుగు రంగుల) పీడీఎఫ్ కూడా దాంట్లోంచే ఇస్తున్నాను. కానీ మా ఊళ్ళో పెళ్ళిపత్రికల పని ఇప్పటికీ చాలావరకు పేజ్‌మేకర్ అనే పాత డిజైన్ సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని అనూ ఫాంట్ల మీదే నడుస్తోంది. "పోయినేడు అక్కకి వేసిన పత్రికే, పేర్లు మార్చి ఇవ్వండి" అని వస్తారు. పేజ్‌మేకర్ ఫైలుని లిబ్రేఆఫీస్ (మింట్‌లో ఎంఎస్ ఆఫీస్‌కి బదులు వాడేది) తెరుస్తుంది గానీ, ఆ ఫాంటు లేకపోతే కనిపించేవన్నీ ఇంగ్లీషు అక్షరాలూ పిచ్చి గుర్తులూను. పాత ఫైళ్ళు బీరువా నిండా ఉన్నవాళ్ళు ఈ ఒక్క సంగతి బాగా ఆలోచించుకోవాలి.

వర్డ్ ఫైళ్ళు ఫర్వాలేదు. కాలిబ్రి ఫాంటుకి బదులు కార్లిటో, కేంబ్రియాకి బదులు కాలడియా ఉంటే అక్షరాల వెడల్పు ఒకటే కాబట్టి లైన్లు జరగవు. టెక్స్ట్ బాక్సులు, బాణం గుర్తులతో గీసిన బొమ్మలు మాత్రం అప్పుడప్పుడు పక్కకి పోతాయి. అందుకే ప్రింటుకి పీడీఎఫ్ తెచ్చుకోమని బోర్డు పెట్టాం.

ప్రింటర్ల దగ్గర నాకు తిక్క లేచిన మాట నిజం. కొత్త నెట్‌వర్క్ ప్రింటర్లు డ్రైవర్ అడక్కుండానే పనిచేస్తాయి. పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ అనే ప్రింటర్ భాషలు అర్థమయ్యే పెద్ద జిరాక్స్ మిషన్లకీ చిక్కు లేదు. ఇబ్బందంతా చవకలో వచ్చే చిన్న లేజర్ ప్రింటర్లతోనే. వాటికి సొంత తెలివి తక్కువ, పేజీని తయారుచేసే పనంతా కంప్యూటర్లోని డ్రైవరే చెయ్యాలి, ఆ డ్రైవర్‌ని కంపెనీ పద్ధతిగా ఇవ్వదు. మా షాపులో ఉన్నది మొదటి పేజీ ఇచ్చి, లైటు మిణుకుమిణుకుమంటూ ఆగిపోయేది. చివరికి దాన్ని విండోస్ సిస్టమ్‌కే తగిలించేశాను. వేలిముద్రల మిషన్ కూడా అక్కడే ఉంది. మేము కొన్న మోడల్‌కి విండోస్, ఆండ్రాయిడ్ సాఫ్ట్‌వేర్ తప్ప మరొకటి లేదు. లెక్కల కోసం టాలీ వాడేవాళ్ళదీ ఇదే పరిస్థితి.

300 రూపాయల దర్శనం టికెట్లు విడుదలయ్యే పూట షాపు ముందు జనం ఎలా ఉంటారో తిరుపతి వాళ్ళకి చెప్పక్కర్లేదు. బ్రౌజర్ ఒకటే కాబట్టి మింట్‌లో టికెట్లు తొందరగా దొరుకుతాయని చెప్పను, సైటు క్యూ అందరికీ ఒకటే. అయితే అప్‌డేట్ మనం నొక్కితేనే మొదలవుతుంది, రీస్టార్ట్ ఎప్పుడు చెయ్యాలో మన ఇష్టం. ఆ పూట ఆ టెన్షన్ లేకపోవడమే నాకు చాలు. అప్‌డేట్ తేడా చేసినా టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్‌తో నిన్నటి స్థితికి వెనక్కి వెళ్ళొచ్చు. అప్‌డేట్ చేసే ముందు స్నాప్‌షాట్ (అప్పటి సిస్టమ్ స్థితి కాపీ) తీసి పెట్టుకోవడం మా షాపు పిల్లోడికి అలవాటైపోయింది.

మారాలనుకుంటే ఉన్నదాన్ని ఒక్కసారిగా చెరిపెయ్యకండి. మింట్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇన్‌స్టాల్ చెయ్యకుండానే దాన్నుంచి సిస్టమ్ ఆన్ చెయ్యొచ్చు. షాపు కట్టేశాక ఒక రాత్రి అలా నడిపి, మీ ప్రింటరూ స్కానరూ తగిలించి చూడండి. రెండువైపులా ప్రింటు, కలర్, లీగల్ సైజు కాగితం, ఈ మూడూ సరిగ్గా వస్తే మిగతావి సర్దుకుంటాయి. రాకపోతే ఆ సిస్టమ్‌ని విండోస్‌తోనే ఉంచి, మింట్‌ని పక్క సిస్టమ్‌లో వేసుకోండి.