కర్జన్ ఇల్లు సూపర్, డర్బీలో తీసుకున్న గదే ముంచింది

ఊరి నుంచి అమ్మానాన్న వచ్చారు, ఎప్పుడూ లండన్ బ్రిడ్జీలే ఎందుకని ఈసారి డర్బీ దగ్గర కెడిల్‌స్టన్ హాల్‌కి తీసుకెళ్ళా. ఒకప్పుడు మన దేశానికి బ్రిటిష్ వైస్రాయ్‌గా చేసిన లార్డ్ కర్జన్ పుట్టిన ఇల్లు. మాది నెక్కొండ దగ్గర, నాన్న రిటైర్డ్ సోషల్ సార్. కర్జన్ పేరు వినంగనే "బెంగాల్‌ను రెండు ముక్కలు చేసినోని ఇల్లు సూడనీకి పైసలు కట్టుడేంది బిడ్డా" అని ముడుచుకుపోయాడు, ట్రైన్‌లో కూడా మాట్లాడలేదు.

రాత్రికి స్టేషన్ దగ్గర ఓ గెస్ట్‌హౌస్, బ్రేక్‌ఫాస్ట్‌తో కలిపి 94 పౌండ్లు అన్నారు. తీరా పొద్దున కిందికి దిగితే రెండు చల్లటి బ్రెడ్డు ముక్కలు, జామ్, అంతే. వేడిగా కావాలంటే మనిషికి ఇంకో 9.50 అంట! రాత్రి పదింటికి హీటర్ బంద్, అడిగితే టైమర్ మా చేతిలో లేదంటాడు, ఇంకో రగ్గు ఇమ్మంటే 5 పౌండ్లంటాడు, అమ్మ శాలువా కప్పుకుని కూర్చుని "మేడారం జాతరల చెట్టు కింద పండుకున్నా గింత సలి పెట్టలే" అంది. పొద్దున ముగ్గురం ఊరి నుంచి తెచ్చిన సకినాలే తిన్నాం. బుకింగ్ స్క్రీన్‌షాట్ చూపిస్తే మా వైపు కూడా చూడలేదు ఆ మనిషి.

అక్కడ్నించి హాల్‌కి టాక్సీ 19 పౌండ్లు. బస్సుల మీద ఆశ పెట్టుకోకండి, రిటర్న్ కూడా అప్పుడే మాట్లాడేసుకోండి.

ఇల్లు మాత్రం అదిరింది. మార్బుల్ హాల్‌లో 20 అలబాస్టర్ (పాలరాయి లాంటి రాయి) స్తంభాలు, ఆర్కిటెక్ట్ రాబర్ట్ ఆడమ్ పనితనం. కలకత్తాలో అప్పటి వైస్రాయ్ బంగ్లాని (తర్వాత రాజ్‌భవన్ అయింది) ఈ ఇంటి నమూనా చూసే కట్టారు, అంటే 1899లో వైస్రాయ్‌గా వెళ్ళినాయన అక్కడా దాదాపు సొంతింట్లాంటి దాంట్లోనే ఉన్నాడన్నమాట. కింద మ్యూజియంలో మన దేశం నుంచి పట్టుకొచ్చినవి చాలా ఉన్నాయి. 1903 ఢిల్లీ దర్బార్‌కి ఆయన భార్య మేరీ వేసుకున్న నెమలి పింఛాల గౌను కూడా ఇక్కడిదే. ఆ జర్దోజీ పని మనవాళ్ళది, కుట్టింది పారిస్‌లో. అమ్మ దాన్ని వదిలి రానంటే రానంది.

నాన్న మూడ్ మారింది కూడా అక్కడే. ఓ వాలంటీర్ పెద్దావిడ మీదే ఊరు అని అడిగింది, ఇంక చూస్కోండి. 1902లో కర్జన్ మా నెక్కొండ వైపు పులి వేటకొచ్చిన సంగతి, చచ్చిన పులితో దిగిన ఫొటో, అదే ఏడు నిజాం మహబూబ్ అలీ ఖాన్ మెడలు వంచి ఏడాదికి 25 లక్షల రూపాయలకి బేరార్‌ని (ఇప్పటి మహారాష్ట్ర విదర్భ వైపు) శాశ్వత లీజుకి రాయించుకున్న సంగతి, మొత్తం క్లాస్ చెప్పేశాడు నాన్న, మధ్యలో అనువాదం నేను. ఆవిడ ఓపిగ్గా విని 1923 కథ ఎత్తుకుంది. అప్పటికి కర్జన్ విదేశాంగ మంత్రి, ప్రధాని బోనార్ లా ఒంట్లో బాగోలేక దిగిపోతే ప్రధాని కుర్చీ తనదేనని లండన్‌కి వచ్చాడు, రాజు మాత్రం బాల్డ్విన్‌ని పిలిచాడు. ఈయన లార్డ్స్‌లో (బిరుదులున్నోళ్ళ పై సభ) ఉండటం, ప్రతిపక్షం లేబర్ పార్టీ బలమంతా కామన్స్‌లో (జనం ఎన్నుకునే సభ) ఉండటం పెద్ద అడ్డంకి. తమాషా ఏంటంటే 1898లో ఐరిష్ బిరుదు ఎంచుకున్నదే తిరిగొచ్చాక కామన్స్‌లో కూర్చునే దారి మూసుకోకుండా! నాన్న ఎంత నవ్వాడో, "లార్డు గిరీయే కొంప ముంచిందన్నట్టు" అని.

పక్కనే చర్చి, చుట్టూ ఊరు లేదు, పార్కు కోసం పూర్వీకులే ఎప్పుడో ఊరిని జరిపేశారు. లోపల కర్జన్, మేరీ ఇద్దరి పాలరాతి సమాధి. మేరీ 1906లో, 36 ఏళ్ళకే పోయింది, అమ్మ అది విని కళ్ళు తుడుచుకుంది.

వెళ్ళేవాళ్ళు ఇల్లు తెరిచే రోజులు ముందే చూసుకోండి, పార్కు తెరిచున్నా ఇల్లు మూసుండే రోజులుంటాయి. గది మాత్రం వద్దు, లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్ నుంచి డర్బీకి ట్రైన్‌లో గంటన్నరే, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోండి. నాన్న ఇప్పుడు టాటర్‌షల్ కోట చూపియ్యమంటున్నాడు, 1911లో కర్జన్ కొని, అమ్ముడుపోయిన రాతి ఫైర్‌ప్లేస్‌లని కూడా వెనక్కి తెప్పించి బాగు చేయించింది అదే.