కూరగాయలు ముట్టని పిల్లలకు గుంత పొంగనాల పెనం: ఏది కొనాలి, ఎంతవరకు పనికొస్తుంది

ఆకుకూర కనిపిస్తే కంచం అవతలికి నెట్టే పిల్లలున్న ఇంట్లో గడుల కంచాలు, పువ్వుల ఆకారంలో కోసే కట్టర్లు చాలానే పోగవుతాయి. వాటన్నిటికంటే ఎక్కువ పని చేసేది రాయలసీమ వంటిళ్లలో ఎప్పటినుంచో ఉన్న గుంత పొంగనాల పెనం. దోసెలో మునగాకు వేస్తే అది మొత్తం మునగాకు దోసే. వద్దంటే ఆ పూట టిఫిను పోయినట్టే. ఇందులో గుంత గుంతకీ పిండి మార్చుకోవచ్చు: నాలుగు ఉత్త పిండివి, రెండు క్యారెట్ తురుముతో, ఒక్కటి మునగాకుతో. ఆ ఒక్కటీ తినకపోయినా పోయేది చెంచాడు పిండి. కొత్త రుచిని పిల్లలు ఒప్పుకోవాలంటే పది పదిహేను సార్లు కళ్లబడాల్సి రావచ్చు. మూడోసారికే పెద్దవాళ్లు విసిగిపోయి మానేస్తారు. వృథా తక్కువైతే అన్నిసార్లు పెట్టే ఓపిక ఉంటుంది. ఈ పెనం అసలు లాభం అక్కడే ఉంది.

మార్కెట్లో ప్రధానంగా రెండు రకాలు: పోత ఇనుముది, నాన్‌స్టిక్ పూత వేసిన అల్యూమినియంది. ఏడు గుంతల ఇనప పెనం రెండు కిలోల దాకా తూగుతుంది, పన్నెండు గుంతలది ఇంకా బరువు. మామూలు గ్యాస్ పొయ్యికి ఏడు గుంతలదే మంచిది. పన్నెండు గుంతలది కొంటే మంట అంచులదాకా అందదు. నడుమ ఉన్నవి మాడుతుంటే బయటి వరస ఇంకా పచ్చిగానే ఉంటుంది. రాతి పెనాలూ దొరుకుతున్నాయి గానీ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, వేడి మీద చన్నీళ్లు తగిలితే పగులుతాయి. స్కూలు బస్సు తరుముతున్న ఇంటికి అవి కుదరవు.

నాన్‌స్టిక్‌ది తేలిక, నూనె తక్కువ పడుతుంది, మొదటి రోజు నుంచే అంటుకోదు. కానీ గుంతలు ఖాళీగా ఉండగా పెద్ద మంట మీద వదిలేయకూడదు. 260 డిగ్రీలు దాటితే పూత పాడవడం మొదలవుతుంది. తిప్పడానికి స్టీలు చెంచా వాడితే గుంత అంచు దగ్గరే మొదట గీత పడుతుంది, చెక్క పుల్లే వాడాలి. పూత పొరలుగా లేచిందంటే ఇక ఆ పెనాన్ని పక్కన పెట్టేయాల్సిందే. ఇనప పెనం అలా కాదు, తుప్పు పట్టినా తోమి మళ్లీ నూనె పట్టించుకోవచ్చు. పైన కరకర, లోపల మెత్తన కావాలంటే కూడా ఇనుమే. ఇక ఇనప పెనంలో వండితే పిల్లలకు ఐరన్ అందుతుందనే ప్రచారం. చింతపండు పులుసులాంటి పుల్లటి వంట అందులో చాలాసేపు ఉడికితే ఆ మాట నిజమే. నూనె రాసిన గుంతలో నిమిషాల్లో దిగిపోయే పొంగనం విషయంలో మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

ఇండక్షన్ పొయ్యి మాత్రమే ఉంటే కొనేముందు పెనాన్ని బోర్లించి చూడాలి. ఇనుముకు అయస్కాంతం అతుక్కుంటుంది కాబట్టి సరిపోతుందని అమ్ముతారు. కానీ చాలా పెనాల అడుగున గుంతలు బొడిపెల్లా బయటికి ఉంటాయి, పొయ్యి గాజుకు ఆ బొడిపెలు మాత్రమే తగులుతాయి. వేడి సమంగా రాదు. అడుగు చదునుగా ఉన్నదైతేనే తీసుకోవాలి.

దుకాణంలో చూడాల్సింది ఇంకొకటి, గుంత లోతు. వెడల్పు నాలుగున్నర సెంటీమీటర్లు, లోతు రెండు ఉంటే పిల్లలకు సరిగ్గా సరిపోతుంది. అంతకంటే లోతైనవి ఉత్త పిండికి బాగానే ఉంటాయి. కూరగాయ తురుము కలిపితే పైన ఎర్రబడ్డా నడుమ జిగటగా మిగులుతుంది. పచ్చి పిండి నోటికి తగిలిన పిల్లవాడు మర్నాడు ఆ పెనం తీస్తేనే మొహం తిప్పేస్తాడు. గుంతల లోపల వేలు తిప్పి చూస్తే గరుకు, పోత మిగులు తెలుస్తాయి. రెండు వైపులా చెవులున్నదే నయం, ఒంటి పిడి పెనం బరువుకి వంగుతుంది. మూత ఇవ్వకపోయినా పర్వాలేదు, లోతున్న ఏ పళ్లెమైనా సరిపోతుంది.

నూనె పట్టించని ఇనప పెనం కొంటే మొదటి వారం ఓపిక కావాలి. సబ్బుతో ఒకసారి బాగా తోమి, బియ్యం కడిగిన నీళ్లు గానీ గంజి గానీ పోసి, రోజూ మారుస్తూ రెండు మూడు రోజులు నానబెట్టాలి. తర్వాత తుడిచి, పొయ్యి మీద తడి ఆరనిచ్చి, నువ్వుల నూనె పల్చగా రాసి పొగ వచ్చేదాకా కాల్చి చల్లార్చాలి. ఇలా మూడు నాలుగు సార్లు. నూనె దిట్టంగా రాస్తే నల్లటి పొర బదులు జిగురు పొర కడుతుంది, అంటుకోవడానికి అదే కారణమవుతుంది. మొదటి రెండు మూడు వాయిలు పిల్లల కోసం వేయొద్దు, అవి చిరుగుతాయి. వాడాక నీళ్లలో నానేయకుండా వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె చుక్క రాసి పెట్టాలి.

పిండి దగ్గర చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. మూడో రోజు మిగిలిన పుల్లటి దోసె పిండికి పొంగనాలే దారి అనుకుంటారు. పెద్దలకు ఉల్లిపాయ, పచ్చిమిరప పడితే ఆ పులుపు బాగుంటుంది. తిండికి వంకలు పెట్టే పిల్లలకు తాజా పిండే వాడాలి. మూడు గ్లాసుల బియ్యం, గ్లాసు మినప్పప్పు, చెంచా మెంతులు, గుప్పెడు అటుకులు. ఐదారు గంటలు నానబెట్టి రుబ్బితే ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లో పొంగుతుంది. ఇడ్లీ పిండి కంటే పల్చన, దోసె పిండి కంటే చిక్కన ఉండాలి.

ఈ సైజు గుంతకు పెద్ద చెంచాడు, అంటే 15 మిల్లీలీటర్ల పిండి పోస్తే ముప్పావు వంతు నిండుతుంది. పొంగడానికి ఆ మిగతా చోటు కావాలి. 200 మిల్లీలీటర్ల కప్పు పిండి దాదాపు రెండు వాయిలకు వస్తుంది. నూనె గుంతకు మూడు నాలుగు చుక్కలు చాలు. ఉల్లిపాయను అడ్డంగా కోసి, ఫోర్కుకు గుచ్చి, నూనెలో ముంచి గుంతలన్నీ రుద్దితే నూనె తగ్గుతుంది, పిండీ సులువుగా వదులుతుంది. బయటి ఆరు ముందు పోసి, నడిమిది చివర్న పోసి, తీసేటప్పుడు దాన్నే మొదట తీయాలి. మధ్యస్థం మంట మీద మూత పెట్టి మూడు నిమిషాలు, తిప్పాక మూత లేకుండా నిమిషమున్నర. పుల్లతో అంచు తడితే తనంతట తాను కదలాలి. కదలకపోతే ఇంకా కాలలేదని అర్థం, బలవంతంగా గీకితే పెంకు గుంతలోనే ఉండిపోతుంది.

ఇక కూరగాయలు. కప్పు పిండికి మొదట్లో రెండు పెద్ద చెంచాల తురుము, అలవాటయ్యాక పావు కప్పు. అర కప్పు దాటితే పొంగనం తిరగేసేటప్పుడే విడిపోతుంది. సొరకాయ తురుమును గట్టిగా పిండాలి, ఆ నీళ్లను పిండి పల్చన చేయడానికే వాడుకోవచ్చు. పాలకూరను సన్నగా తరిగి పెనం మీద నీరు ఇగిరేదాకా వేయించి కలపాలి. మునగాకు కాడ ఒక్కటి కూడా లేకుండా దూసి, అర చెంచా నూనెలో వేయించకపోతే చేదు తగులుతుంది, ఆ చేదుకే పిల్లలు వద్దంటారు. బీట్‌రూట్ రంగు పిల్లల్ని బాగా లాగుతుంది గానీ అందులోని తీపి వల్ల తొందరగా మాడుతుంది, మంట తగ్గించాలి. బెల్లం పిండి వాయి ఎప్పుడూ ఆఖరిదే, దాని తర్వాత ఏది పోసినా అంటుకుంటుంది.

రాగి పిండి కలపాలంటే కప్పు పిండికి మూడు పెద్ద చెంచాలు, అంతే నీళ్లు, అరగంట నాననివ్వడం. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అది చదివి సగానికి సగం కలిపేయాలనిపిస్తుంది. కలిపితే పొంగనం నల్లబడి, పొడిపొడిగా విరుగుతుంది. పెసల పిండి పొంగదు కాబట్టి పెనం బాగా కాగాకే పోయాలి. గిలక్కొట్టిన గుడ్డు ఒకటి మూడు గుంతలకు సరిపోతుంది, సన్న సెగ మీద, క్యాప్సికం తరుగుతో.

కూరగాయను పూర్తిగా దాచిపెట్టే పద్ధతి మంచిది కాదు. లోపల ఏదో ఉందని ఒకసారి తెలిస్తే ఉత్త పొంగనాన్ని కూడా విప్పి చూసి గానీ తినరు. పైన చల్లి కనబడనివ్వాలి, ఏది తీసుకోవాలో వాళ్లకే వదిలేయాలి. "ఇదొక్కటి తింటే చాక్లెట్" అన్నారంటే మునగాకు శిక్షగా, చాక్లెట్ బహుమతిగా ఖాయమైపోతాయి.

పెనం చేయలేనిదీ ఉంది. రోజుకు అర లీటరు దాటి పాలు తాగి, మధ్యలో బిస్కెట్లు తినే పిల్లవాడికి ఏ పొంగనం పెట్టినా ఆకలి ఉండదు. ముద్ద ముద్దకీ డోకు వస్తున్నా, బరువు పెరగకపోయినా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించాలి. ఏడాది లోపు పిల్లలకు తీసే పిండిలో ఉప్పు, బెల్లం వద్దు. నాలుగేళ్ల లోపు వాళ్లకు పొంగనాన్ని నాలుగు ముక్కలు చేసి ఇవ్వాలి, పల్లీలు, శనగపప్పు గింజలుగా వేయకూడదు.

లంచ్‌బాక్సుకైతే సొరకాయవి మధ్యాహ్నం దాకా మెత్తగా ఉంటాయి. రాగివి చల్లారితే గట్టిపడతాయి, వాటిని ఇంట్లోనే తినిపించాలి. వేడివేడిగా డబ్బాలో సర్దితే ఆవిరి పట్టి అడుగువి తడిసిపోతాయి, ఐదు నిమిషాలు పళ్లెంలో ఆరనిచ్చి మూత పెట్టాలి. పక్కన టమాటా చట్నీ పెడితే అందులోని విటమిన్ సి వల్ల ఆకుకూరలోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. అదే పూట పాల గ్లాసు ఇస్తే ఆ మేలు తగ్గుతుంది, పాలు సాయంత్రానికి మార్చుకోవచ్చు.