అనంతపురంలో సెకండ్ హ్యాండ్ లగ్జరీ సెడాన్: నాలుగేళ్ల వాడకం, రిపేర్ల లెక్క

కారు పాతబడితే దాని ధర పడిపోతుంది. స్పేర్ పార్టుల ధర మాత్రం పడిపోదు. కొత్తగా నలభై లక్షలు దాటిన జర్మన్ డీజిల్ సెడాన్‌ను నేను పన్నెండు లక్షలకు తీసుకున్నాను. రిపేరుకు పెడితే బిల్లు ఇప్పటికీ నలభై లక్షల కారుకు వచ్చినట్టే వస్తోంది. ఈ కార్లు కొనాలని చూస్తున్న మన జిల్లా వాళ్లకు ఆ బిల్లు దేనికి, ఎందుకు అంత అవుతుందో చెప్పాలనిపించింది.

నాది 2014 మోడల్. 2 లీటర్ల ఇంజిన్, 8 గేర్ల ఆటోమేటిక్. బెంగళూరులో కొన్నాను కాబట్టి కర్ణాటక నంబరు. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచుకోవాలంటే ఎన్‌ఓసీ తెచ్చి ఇక్కడి నంబరు వేయించుకోవాలి. దానికి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. లగ్జరీ కారుకు అది చిన్న మొత్తం కాదు. దాన్ని కూడా ధరలో కలుపుకునే బేరమాడండి.

ఇక అసలు విషయం. నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది థర్మోస్టాట్. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్‌ను ఎప్పుడు రేడియేటర్‌కు పంపాలో చూసుకునే చిన్న వాల్వ్ అది. పాతబడ్డాక తెరుచుకున్న చోటే ఉండిపోతుంది. అప్పుడు ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు. ఎండకు పేరుపడ్డ ఊళ్లో ఇంజిన్ వేడెక్కకపోవడమేంటని నేనూ మొదట నమ్మలేదు. చలికాలం పొద్దున బెంగళూరు దారిలో మా మెకానిక్ పక్క సీట్లో కూర్చుని, కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టాడు. పెనుకొండ దాటి కొడికొండ చెక్‌పోస్టు దగ్గరపడినా కూలెంట్ 70 డిగ్రీలు దాటలేదు. ఉండాల్సింది 85, 90 మధ్య. "సార్, ఇట్లుంటే ఫిల్టర్ కాలదు, మసి నిండిపోతాది" అన్నాడు.

అతను చెప్పింది డీపీఎఫ్ గురించి. పొగలోని మసిని పట్టుకునే ఫిల్టర్ అది. మసి నిండేకొద్దీ ఇంజిన్ పొగ వేడిని సుమారు 600 డిగ్రీలకు పెంచి దాన్ని కాల్చేస్తుంది. ఇంజిన్ చల్లగా ఉంటే ఆ పని మొదలే కాదు. మసి బాగా నిండేదాకా చాలాసార్లు డాష్‌బోర్డులో ఒక్క లైటూ వెలగదు. ఓనరుకు ఏమీ తెలియదు. థర్మోస్టాట్ మార్చడానికి కూలెంట్‌తో కలిపి నాకు పన్నెండు వేలైంది. అలాగే తిప్పి డీపీఎఫ్ పూర్తిగా మూసుకుపోతే కొత్తదానికి లక్షన్నర పైమాటే. ఊళ్లోనే తిరిగే కారుకు ఈ గండం ఇంకా ఎక్కువ. వారానికోసారైనా హైవే మీద అరగంట ఆపకుండా నడపాలి. డీపీఎఫ్ పీకేసి సాఫ్ట్‌వేర్ మార్చేస్తామని కొన్ని షెడ్లలో అంటారు. ఆ పని చేయించకండి. అది నిబంధనలకు విరుద్ధం. పైగా ఆ నల్ల పొగ పీల్చేది మన వీధిలో పిల్లలే.

రెండోది ఆయిల్ లీకు. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ కింద ఒక రబ్బరు గ్యాస్కెట్ ఉంటుంది. ఏళ్ల వేడికి గట్టిపడి పెళుసవుతుంది. ఆ గ్యాస్కెట్ ధర వెయ్యి లోపే. కానీ అక్కడికి చేయి పెట్టాలంటే పైనున్న భాగాలన్నీ విప్పాలి. లేబరే పది వేలకు పైన తీసుకున్నారు. ఈ కార్లలో చాలా రిపేర్లది ఇదే వరస. అందుకే ఒకసారి విప్పినప్పుడు పక్కనున్న పైపులు, బెల్టు కూడా చూపించి, అరిగినవి అప్పుడే మార్పిస్తాను.

గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని కార్ల కంపెనీలు చెబుతుంటాయి. ఆ గేర్‌బాక్స్ తయారుచేసే జడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు మార్చమంటుంది. తయారుచేసినవాడి మాటే నేను విన్నాను. ఫిల్టర్ అడుగు ట్రేలోనే ఉంటుంది కాబట్టి ట్రే మొత్తం మార్చాలి. ముప్పై అయిదు వేలైంది. రెండో గేరులో వచ్చే చిన్న కుదుపు ఆ రోజుతో పోయింది.

సస్పెన్షన్ సంగతి మన రోడ్లే చెబుతాయి. 44వ నంబరు హైవే మీద బండి అద్భుతం. తాడిపత్రి వైపో, కళ్యాణదుర్గం వైపో పల్లెల్లోకి దిగితే పేరుకు స్పీడ్ బ్రేకర్లు, ఉన్నవి మిట్టలు. నలుగురు కూర్చుంటే అడుగు తగులుతుంది. ముందు లోయర్ ఆర్మ్‌లు, బుష్‌లు కలిపి నలభై వేలు. రన్ ఫ్లాట్ టైరు ఒక్కోటి పద్దెనిమిది వేలు. పంచరైనా 80 వేగంతో 80 కిలోమీటర్లు పోవచ్చు, నిజమే. కానీ స్టెప్నీ ఉండదు, గతుకుల్లో బాగా గట్టిగా కొడుతుంది. నేను మామూలు టైర్లకు మారి, డిక్కీలో సన్న స్టెప్నీ ఒకటి పెట్టుకున్నాను. నడుము నొప్పి ఉన్న మా అమ్మకు ఆ తేడా వెంటనే తెలిసింది.

బ్యాటరీకి ఇరవై రెండు వేలు. కొత్తది వేశాక కారు కంప్యూటర్‌లో నమోదు చేయించాలి, లేదంటే పాత బ్యాటరీ లెక్కనే చార్జి చేస్తుంది. ఏసీ ఇప్పటిదాకా ఇబ్బంది పెట్టలేదు. దుమ్ముకు క్యాబిన్ ఫిల్టర్ మాత్రం తరచూ మార్చాలి.

రిపేరు ఎక్కడ అన్నదే మన దగ్గర పెద్ద సమస్య. కంపెనీ సర్వీసు సెంటరంటే 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో బెంగళూరులో. బండి కదలకపోతే లారీ మీద ఎక్కించి పంపడానికే పది వేలు దాటుతుంది. ఆయిల్ సర్వీసు, బ్రేకులు, సస్పెన్షన్ ఊళ్లోనే చేయిస్తాను. స్పేర్లు బెంగళూరు జేసీ రోడ్డు నుంచి బస్సు పార్సిల్‌లో వస్తాయి. ఇంజిన్ లోపలి పని, కారు కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చే కోడింగ్ అయితే అక్కడ కంపెనీది కాని విడి గ్యారేజీకి వెళ్తాను. షోరూమ్ చెప్పినదానిలో సగానికే చేస్తారు, విప్పిన పాత పార్టు చేతికిస్తారు.

టైర్లు, డీజిల్, ఇన్సూరెన్స్ వదిలేస్తే ఏడాదికి సగటున లక్ష పైనే అవుతోంది. ఒక ఏడాది ఏమీ ఉండదు, మరుసటి ఏడాది రెండు లక్షలు. ఆ డబ్బు పక్కన పెట్టుకోగలిగితేనే కొనండి, ఈఎంఐకే జీతం సరిపోయేలా ఉంటే వద్దు. అయినా నేను ఈ బండి అమ్మను. మా అమ్మను బెంగళూరు ఆస్పత్రికి తీసుకెళ్లి అదే రోజు వెనక్కి వచ్చినా ఆమె అలసిపోదు. హైవే మీద లీటరుకు 17 ఇస్తుంది.

చూడ్డానికి వెళ్లినప్పుడు బండి రాత్రంతా ఆగి చల్లగా ఉండాలని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టి చూడండి. స్కానర్ తగిలించి అరగంట నడపండి. కూలెంట్ వేడి ఎంతదాకా ఎక్కుతుందో, డీపీఎఫ్‌లో మసి ఎంతుందో, చివరిసారి ఎప్పుడు కాలిందో అందులోనే కనిపిస్తుంది. అమ్మేవాడు స్కానర్ వద్దంటే ఆ కారు వదిలేయండి. అనంతపురం దాటి వెళ్లే పని పెద్దగా లేనివాళ్లు డీజిల్ జోలికే పోకుండా ఇదే కారు పెట్రోల్‌లో వెతుక్కోండి.