ఓవెన్‌లో నిలబడే బిళ్ల అయస్కాంతం కావాలంటే ఆల్నికో-8 అడగండి

మాది బాలానగర్‌లో చిన్న పౌడర్ కోటింగ్ షాపు. ఎక్కువగా కరెంటు ప్యానెల్ బాక్సులే వస్తాయి. ఎర్తింగ్ బోల్టు బిగించే చోట రంగు పడకూడదు కాబట్టి అక్కడ బిళ్ల అయస్కాంతం అంటించి, పౌడర్ కొట్టి, ఓవెన్‌లో పెడతాం. లోపల 180 నుంచి 200 డిగ్రీల వేడి ఉంటుంది. మామూలు నియోడిమియం బిళ్లలు 80 డిగ్రీలు దాటితే చాలు, బలం కోల్పోతాయి. ఎక్కువ వేడికి ఆగే రకాల్లో సాధారణంగా డిస్ప్రోసియం అనే రేర్ ఎర్త్ లోహం కలుపుతారు. 2025 ఏప్రిల్‌లో చైనా దాని ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. అందుకే రేర్ ఎర్త్ అసలు లేని ఆల్నికోకి (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్, ఇనుము కలిసిన అయస్కాంత మిశ్రమం) వచ్చాం. ముందు అందులో 5 అనే గ్రేడు వాడాం, ఇప్పుడు 8 వాడుతున్నాం.

కాగితం మీద చూస్తే 5దే పైచేయి. దానిలో నిలిచే అయస్కాంత బలం, అంటే ఫ్లక్స్ సాంద్రత, సుమారు 12,500 గాస్, 8ది 8,200 దగ్గరే ఆగుతుంది. కానీ పలచటి బిళ్లగా కోస్తే కథ మారిపోతుంది. పొట్టి అయస్కాంతాన్ని దాని సొంత ధ్రువాలే నీరసపరుస్తాయి. దాన్ని తట్టుకునే శక్తి, అంటే కోయర్సివిటీ, 5లో దాదాపు 640 అర్‌స్టెడ్లు, 8లో 1,650 దాకా. ఇందులో పెద్ద చెయ్యి టైటానియానిది. 5లో అది ఉండదు, 8లో 5 శాతం వరకు కలుపుతారు, కోబాల్ట్‌నీ 24 నుంచి 35 శాతానికి పెంచుతారు. అయస్కాంత క్షేత్రంలో వేడిచేసినప్పుడు లోహం లోపల ఇనుము, కోబాల్ట్ కలిసి సూదుల్లాగా విడివడతాయి. టైటానియం ఉంటే ఆ సూదులు ఇంకా పొడుగ్గా వస్తాయి, వాటి అయస్కాంత దిశ తిప్పడం అంత కష్టమవుతుంది. 1931లో జపాన్‌లో మిషిమా ఇనుము, నికెల్, అల్యూమినియంతో మొదలుపెట్టిన మిశ్రమం ఇలా ఒక్కో దినుసుతో ఇక్కడిదాకా రావడం నాకు నిజంగా గొప్పగా అనిపిస్తుంది.

వాడకంలో తేడా చేతికే తెలుస్తుంది. 5 బిళ్లలు డబ్బాలో ఒకదానికొకటి వికర్షించుకునేలా పడి ఉంటే పట్టు తగ్గేది. షిఫ్ట్ అవగానే ఇనుప పలకకు అంటించి దాచాల్సి వచ్చేది. 8తో ఆ టెన్షన్ చాలావరకు పోయింది. ఓవెన్‌ నుంచి తీసిన బాక్సు చల్లారాక బిళ్ల అంచు కింద బ్లేడు పెట్టి లేపితే, కింద గుండ్రంగా మెరిసే రేకు, చుట్టూ చెదరని రంగు అంచు.

లోపాలు లేకపోలేదు. కోబాల్ట్ వల్ల ధర ఎక్కువ. సిమెంటు నేల మీద పడితే అంచు పెచ్చు లేస్తుంది. మేం కొన్న షాపువాళ్లు పాకెట్ మీద ఒట్టి ‘ఆల్నికో’ అని రాసి ఇచ్చారు, ఏ గ్రేడో లేదు. ఇది నాకు అస్సలు నచ్చలేదు. గ్రేడు బిల్లు మీద రాయించుకోండి. మధ్యలో రంధ్రం కావాలంటే ఆర్డరు ఇచ్చేటప్పుడే చెప్పండి, తర్వాత మామూలు డ్రిల్ బిట్‌కి ఇది లొంగదు.