సర్వీస్ సెంటర్‌తో వివాదాల్లో ఓబీడీ స్కానర్: ఏళ్ల తరబడి వాడాక సమీక్ష

ఇంజిన్ లైటు ఆరిపోవడం వేరు, లోపం పోవడం వేరు. డీలర్ సర్వీస్ సెంటర్‌తో పడే గొడవలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. బండి చేతికొచ్చినప్పుడు లైటు ఉండదు, వారం తిరక్కుండా మళ్లీ వెలుగుతుంది. "ఇది కొత్త సమస్యండీ, మేం చూసినప్పుడు లేదు" అంటారు. కాదనడానికి మన దగ్గర నోటిమాట తప్ప ఏమీ ఉండదు. ఆ లోటు తీరుస్తుంది కాబట్టే ఇన్నేళ్లుగా ఓబీడీ స్కానర్‌ను, అంటే ఇంజిన్ కంప్యూటర్ నమోదు చేసుకున్న లోపాల కోడ్‌లను చదివే చిన్న పరికరాన్ని, బండిలోనే పెట్టుకుంటున్నాను.

స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో దీన్ని గుచ్చి ఫోన్‌లో యాప్ తెరవాలి, అంతే. కొనేటప్పుడే జాగ్రత్త పడాలి. మరీ చవకగా దొరికే నకిలీ ఈఎల్ఎం327 (ఇలాంటి స్కానర్లలో వాడే చిప్) రకాలు కోడ్‌లు చదువుతాయి గానీ కొన్ని ఆదేశాలకు జవాబివ్వవు, మధ్యలో కనెక్షన్ పోతుంది. వివాదంలో అక్కరకొచ్చేవి ఫ్రీజ్ ఫ్రేమ్ (లోపం నమోదైన క్షణపు రీడింగ్‌లు), పెండింగ్ కోడ్‌లు (ఇంకా ఖాయం కానివి), పర్మనెంట్ కోడ్‌లు (స్కానర్‌తో చెరగనివి), మానిటర్ల స్థితి (బండి తనకు తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయా లేదా), కోడ్‌లు చెరిపాక తిరిగిన దూరం. ఇవి చూపించలేని పరికరం మీద డబ్బు పెట్టొద్దు.

వీటిలో తిరిగిన దూరానిదే నా దృష్టిలో మొదటి స్థానం. కోడ్‌లు చెరిపేసిన క్షణం నుంచి బండి ఎన్ని కిలోమీటర్లు నడిచిందో ఇంజిన్ కంప్యూటరే లెక్క పెట్టుకుంటుంది. బిల్లులో "కోడ్‌లేవీ లేవు" అని రాసి, స్కానర్‌లో ఆ దూరం 3 కి.మీ. అని కనిపిస్తే, టెస్ట్ డ్రైవ్‌కు ముందు ఎవరో చెరిపేసి ఉండొచ్చని అర్థం. మానిటర్లు కూడా అప్పుడే "పూర్తి కాలేదు" అని చూపిస్తాయి. అయితే తొందరపడి నింద వేయకూడదు. చాలా కార్లలో బ్యాటరీ తీగ విప్పినా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసినా ఇవి మొదటికి వస్తాయి. అందుకే "ఎందుకు చెరిపారు?" అని కాకుండా, "చెరిపే ముందు ఏ కోడ్ ఉంది, దానికి ఏం పరీక్ష చేశారు?" అని అడగాలి. బండి ఆ సౌకర్యం ఉన్నదైతే పర్మనెంట్ కోడ్ ఇంకా మంచి ఆధారం. దాన్ని స్కానర్‌తో చెరపలేరు. సంబంధిత పరీక్షను బండి తనంతట తాను నడిపి, పాసైతేనే అది పోతుంది.

బండి అప్పగించే ముందు స్కాన్ చేసి, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్లు, ఓడోమీటర్ ఫోటో తీసుకోవాలి. మన చేత్తో మనం కోడ్ చెరపకూడదు. చెరిపితే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. లోపం నమోదైన క్షణంలో వేగం ఎంత, ఆర్‌పీఎం ఎంత, కూలెంట్ వేడి ఎంత అన్నవి ఉండేది అందులోనే.

జాబ్ కార్డ్‌లో (బండి అప్పగించేటప్పుడు ఫిర్యాదులు రాసుకునే కాగితం) ఏం రాయించామన్నది స్కానర్ కన్నా ముఖ్యం. "ఇంజిన్ చెక్ చేయాలి" అని రాస్తే వాళ్లు చెక్ చేస్తారు, పని అయిపోయిందంటారు. "పి0420 వచ్చింది, కన్వర్టర్ మార్చాలి" అన్నా తప్పే (పి0420 అంటే పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్ సామర్థ్యం తగ్గిందనే కోడ్), నిర్ధారణ బాధ్యత మన నెత్తిన పడుతుంది. లక్షణం, అది వచ్చే పరిస్థితి, కోడ్, రీడింగ్ మాత్రమే రాయించాలి: "ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఐడిల్‌లో వణుకు, పి0171, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 22 శాతం." పి0171 అంటే గాలికి తగ్గట్టు ఇంధనం అందడం లేదనే కోడ్. ఫ్యూయల్ ట్రిమ్ అంటే ఆ తేడా సరిచేయడానికి కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే లెక్క. సంతకమైన కాపీ తీసుకున్నాకే తాళాలు ఇవ్వాలి.

రీడింగ్‌లు చదవడం కాస్త నేర్చుకుంటే ఎస్టిమేట్ దగ్గరే చాలా గొడవలు ఆగిపోతాయి. ట్రిమ్ సాధారణంగా ప్లస్ లేదా మైనస్ 10 శాతం లోపు ఉండాలి. ఐడిల్‌లో ఎక్కువగా ఉండి 2500 ఆర్‌పీఎం దగ్గర తగ్గితే ఎక్కడో వ్యాక్యూమ్ లీక్ ఉందని అనుమానించాలి. లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే ఇంధన ప్రెషర్ చూడమనాలి. పి0420 అనగానే కేటలిటిక్ కన్వర్టర్‌కు ఎస్టిమేట్ వేస్తే, ఎగ్జాస్ట్ లీక్, వెనుక ఆక్సిజన్ సెన్సర్, మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) పరీక్షించారా అని అడగాలి. ఇది అడగకపోతే ఖరీదైన భాగం మారుతుంది, కోడ్ మాత్రం మళ్లీ వస్తుంది. పి0301 (మొదటి సిలిండర్‌లో మిస్‌ఫైర్) అయితే, ప్రతి సిలిండర్‌కూ స్పార్క్ కోసం విడి కాయిల్ ఉన్న ఇంజిన్‌లో, మొదటి దాని కాయిల్‌ను రెండోదానికి మార్చి చూడమనండి. కోడ్ పి0302గా (రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్) మారితే కాయిల్‌దే దోషం. మారకపోతే ప్లగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి.

బండి తీసుకునేటప్పుడు డబ్బు కట్టకముందే, వాళ్ల ఆవరణలోనే మళ్లీ స్కాన్ చేయండి. మార్చిన పాత భాగాలు చూపించమని ముందే జాబ్ కార్డ్‌లో రాయిస్తే తర్వాత పేచీ ఉండదు. "లోపం కనబడలేదు" అంటే ఆ మాటే బిల్లు మీద రాసివ్వమనండి. వారంటీ గడువులోపే ఫిర్యాదు నమోదైందని రేపు చూపించడానికి ఆ కాగితమే దిక్కు. బండి విడిపించుకోవడానికి డబ్బు కట్టక తప్పకపోతే, "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి సంతకం పెట్టండి.

ఈ పరికరానికి హద్దులున్నాయి. మామూలు ఓబీడీ డేటా ఇంజిన్, ఉద్గారాల వరకే. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లకు ఆ కంపెనీ బండ్లకు సరిపోయే స్కానర్ కావాలి. సస్పెన్షన్ చప్పుళ్లకు ఇది పనికిరాదు, అక్కడ టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని నడపడమే మార్గం. బ్రేక్ డిస్క్ మార్చాలంటే మైక్రోమీటర్ రీడింగ్ అడగండి. కనీస మందం సాధారణంగా డిస్క్ మీదే అచ్చు వేసి ఉంటుంది. ఇంకొకటి: సాకెట్‌లో 16వ పిన్నుకు ఎప్పుడూ కరెంటు ఉంటుంది. స్కానర్‌ను రోజుల తరబడి వదిలేస్తే బ్యాటరీ దిగిపోవచ్చు. సర్వీస్‌కు ఇచ్చేటప్పుడు తీసేయండి, లేకపోతే ఎలక్ట్రికల్ లోపానికి అదే కారణమంటారు.

ఇంత చేసినా తేలకపోతే సర్వీస్ అడ్వైజర్‌తో వాదన పెంచుకోవడం వృథా. సర్వీస్ మేనేజర్‌కు, అక్కడ కాకపోతే బండి తయారీ కంపెనీ కస్టమర్ విభాగానికి ఒక్క పేజీ రాయండి. వెళ్లిన ప్రతి తేదీ, జాబ్ కార్డ్ నంబర్, ఓడోమీటర్, కోడ్, వాళ్లు చేసిన పని, కోడ్ మళ్లీ వచ్చిన తేదీ వరుసగా ఉండాలి. కోపం కాగితం మీదికి రానివ్వొద్దు. చివర్లో కోరేది ఒక్కటే కోరండి: ఉచితంగా మళ్లీ రిపేరు, లేదా ఫలానా భాగానికి తీసుకున్న డబ్బు వాపసు. జవాబుకు గడువు తేదీ వేసి, స్క్రీన్‌షాట్లు జతచేసి పంపండి.