పాల వాంతి, పసరు వాంతి

పసికందులు కాస్త పాలు కక్కడం మామూలే. కానీ 3 నుంచి 6 వారాల వయసులో, తాగిన ప్రతిసారీ పాలు దూరంగా చిమ్మి, వెంటనే మళ్లీ ఆకలికి ఏడుస్తుంటే జీర్ణాశయం చివరి కండరం మందమై దారి మూసుకుపోతూ ఉండొచ్చు. స్కానింగ్‌లో తెలుస్తుంది. ఆపరేషన్ తప్పదు గానీ, ముందు సెలైన్‌తో నీరు, లవణాలు సరిచేయాలి. అవి సరిచేయకుండా ఆపరేషన్‌కు తొందరపడితేనే ప్రమాదం.

ఆకుపచ్చ పసరు కక్కితే లెక్క వేరు. పేగు మెలిపడి రక్తం అందక గంటల్లోనే కుళ్లిపోవచ్చు. పొట్ట మెత్తగానే ఉందని ఊరుకోకూడదు, మొదట్లో అలాగే ఉండొచ్చు! పాలు పట్టకుండా, పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి. బిడ్డ నీరసించిపోతే పరీక్షల కోసం ఆగకుండా నేరుగా ఆపరేషనే. వాంతి పడ్డ గుడ్డ కూడా తీసుకెళ్లమంటాను, రంగు డాక్టరు కళ్లారా చూస్తారు.