పైనుంచి దింపిన 20, కింది నుంచి కట్టిన 10: ఏ జాబితా మేలు?

అమెరికాలో పన్నెండో తరగతికి వచ్చిన పిల్లలున్న ఇంట్లో ఆగస్టు 1న, చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు పెట్టే కామన్ యాప్ తెరుచుకుంటుంది. దాంతోపాటే ఒక ఎక్సెల్ షీటూ తెరుచుకుంటుంది. కామన్ యాప్‌లో గరిష్ఠంగా 20 కాలేజీలు చేర్చుకోవచ్చు. చాలామంది తల్లిదండ్రులు దాన్ని పరిమితిగా కాక కోటాగా తీసుకుంటారు: ఇరవై ఇచ్చారు కాబట్టి ఇరవై వేద్దాం. ర్యాంకింగుల పేజీ తెరిచి ఒకటో నంబరు నుంచి కిందికి దిగుతారు, పదిహేడో పద్దెనిమిదో వచ్చేసరికి అలిసిపోయి "ఇక సేఫ్టీలు (తప్పకుండా వస్తాయనుకునే కాలేజీలు) రెండు పడేయ్" అంటారు. ఇది ఒక పద్ధతి. తప్పకుండా వచ్చే, ఫీజు కట్టగలిగే కాలేజీ ఏదో ముందు తేల్చుకుని, దాని మీద ఒక్కో మెట్టూ పేర్చుకుంటూ పోవడం రెండోది.

పోలిక గాల్లో ఉండకుండా ఒక విద్యార్థిని ఊహించుకుందాం. డల్లస్ శివార్లలో పెద్ద పబ్లిక్ హైస్కూల్. శాట్ పరీక్షలో 1510. క్లాసులో పై నుంచి తొమ్మిదో శాతంలో ర్యాంకు. చదవాలనుకుంటున్నది, చెప్పేదేముంది, సీఎస్ (కంప్యూటర్ సైన్స్). ఇంట్లోవాళ్లు హాస్టలూ తిండీ కలిపి ఏడాదికి 45 వేల డాలర్ల దాకా పెట్టగలరు.

మొదటి జాబితా ఇలా ఉంటుంది: స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, ప్రిన్స్‌టన్, కాల్‌టెక్, కార్నెగీ మెలన్, కార్నెల్, బర్క్‌లీ, యూసీఎల్ఏ, మిషిగన్, జార్జియా టెక్, ఇలినాయ్ అర్బానా-షాంపేన్, సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ, అలా అలా వెళ్లి చివర్లో "సేఫ్టీ"గా యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) ఆస్టిన్.

రెండోది ఇలా: అడుగున యూటీ డల్లస్, యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్, ఆరిజోనా స్టేట్, అలబామా. మధ్యలో టెక్సస్ ఎ అండ్ ఎం, పర్డ్యూ. పైన యూటీ ఆస్టిన్, రైస్, ఎంఐటీ, ప్రిన్స్‌టన్. మొత్తం పది.

చూడగానే రెండో జాబితా పిరికివాళ్లదిలా అనిపిస్తుంది. లెక్కల్లోకి దిగితే సంగతి వేరు.

ఇరవై రాళ్లు వేస్తే ఒక్కటైనా తగలదా?

మొదటి పద్ధతికి బలం ఈ ఒక్క ఆశే. అంకెల్లో చూస్తే నిజమే అనిపిస్తుంది. ఒక్కోచోట 5 శాతం అవకాశం ఉందనుకుంటే, 20 చోట్ల వేసినప్పుడు ఒక్కటైనా రావడానికి 64 శాతం అవకాశం. కానీ ఈ లెక్క లాటరీ టికెట్లకు చెల్లుతుంది, దరఖాస్తులకు చెల్లదు. ఇరవై చోట్లకీ వెళ్లేది అదే ట్రాన్స్‌క్రిప్టు (స్కూలు మార్కుల పట్టిక), అదే 650 పదాల వ్యాసం, అవే సిఫారసు లేఖలు. ఒకచోట తేలిపోయిన దరఖాస్తు పక్కచోట కూడా తేలిపోయే అవకాశమే ఎక్కువ. పైగా ఆ 5 శాతం అనేది క్రీడల కోటావాళ్లనూ, చాలాచోట్ల పూర్వవిద్యార్థుల పిల్లలనూ కలిపిన సగటు. ఏ ప్రత్యేకతా లేకుండా సీఎస్ అడిగే పిల్లవాడి అవకాశం అందులో సగం కూడా ఉండకపోవచ్చు.

ఇక్కడే పెద్ద పొరపాటు ఇంకొకటి జరుగుతుంది: కాలేజీ శాతం చూస్తారు, కోర్సు శాతం చూడరు. అర్బానా-షాంపేన్‌లో మొత్తం మీద పదిమంది దరఖాస్తు చేస్తే సుమారు నలుగురికి సీటు వస్తుంది. అదే సీఎస్‌కైతే పదిమందిలో ఒక్కరికి కూడా రాదు. సియాటిల్‌లో వేరే రాష్ట్రం నుంచి సీఎస్‌కి వేసేవాళ్లకు అవకాశం రెండు మూడు శాతమే. "ముందు వేరే మేజర్‌లో దూరి తర్వాత సీఎస్‌కి మారతాడులే" అన్న ఉపాయం ఈ రెండుచోట్లా దాదాపు మూసిన తలుపే. అసలు సీఎస్‌కి మధ్య మెట్టు అనేది పలచబడిపోయింది. ఉన్నవి ఎక్కువగా అడుగు మెట్లు, లేదంటే పై మెట్లు. అందుకే రెండో జాబితాలోనూ మధ్యలో రెండే ఉన్నాయి. వాటిలో పర్డ్యూ సీఎస్ కూడా తేలికేం కాదు. దరఖాస్తులో రెండో ఎంపికగా డేటా సైన్స్ లాంటిది పెట్టుకుంటేనే దాన్ని మధ్య మెట్టు అనగలం.

యూటీ ఆస్టిన్‌ను సేఫ్టీ అనుకోవడం

టెక్సస్ తెలుగిళ్లలో ప్రతి ఏడూ దెబ్బ తినేది ఇక్కడే. 1997లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం క్లాసులో మొదటి 10 శాతంలో ఉన్నవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఆటోమేటిక్ అడ్మిషన్ ఉంది. ఆస్టిన్‌కి మాత్రం మినహాయింపు ఉంది. అక్కడ చాలాకాలం 6 శాతంగా ఉన్న గీత, 2026 ఫాల్‌లో చేరేవాళ్లకు 5 శాతానికి దిగింది. మన పిల్లవాడు తొమ్మిదో శాతం. అంటే గీత బయట.

పోనీ గీత లోపలే ఉన్నా ఆ హామీ విశ్వవిద్యాలయానికే, సీఎస్‌కి కాదు. నాలుగో శాతంలో ఉన్న పిల్లకి కూడా "ఆస్టిన్‌లో సీటు వచ్చింది, కానీ లిబరల్ ఆర్ట్స్‌లో" అని ఉత్తరం రావచ్చు. ఎ అండ్ ఎంలోనూ ఇదే మెలిక: పది శాతం లోపు ఉంటే విశ్వవిద్యాలయంలోకి వస్తారు, ఇంజనీరింగ్‌కి విడిగా చూస్తారు. ఇంజనీరింగ్ వచ్చాక కూడా మొదటి ఏడాది అందరూ జనరల్ ఇంజనీరింగే. ఆ తర్వాత కోరుకున్న బ్రాంచ్ ఖాయంగా రావాలంటే 3.75 జీపీఏ ఉండాలి. అది తగ్గితే మళ్లీ పోటీ.

యూటీ డల్లస్, హ్యూస్టన్ అడుగున ఉండటానికి కారణం అవి చిన్న కాలేజీలని కాదు. తొమ్మిదో శాతం ర్యాంకు అక్కడ చట్టం ప్రకారం చెల్లుతుంది, ఫీజు ఇన్-స్టేట్ (సొంత రాష్ట్రంవాళ్లకుండే తక్కువ ఫీజు), డల్లస్‌కైతే ఇంటి నుంచే వెళ్లిరావచ్చు. ఆ ఏడాది సీఎస్‌కి విడిగా గణితం షరతు ఏమన్నా పెట్టారేమో మాత్రం ఆగస్టులోనే వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. ఆరిజోనా స్టేట్, అలబామా వేరే కారణానికి ఉన్నాయి: ఏ మార్కులకు ఎంత మెరిట్ స్కాలర్‌షిప్ వస్తుందో దరఖాస్తుకు ముందే చూసుకోవచ్చు. 1510, జీపీఏ పెట్టి చూస్తే మిగిలే ఖర్చు 45 వేల లోపు దిగుతుందో లేదో అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. దిగకపోతే ఆ పేరు అక్కడే కొట్టేయాలి.

డబ్బు లెక్కలో తలకిందులు

మొదటి జాబితాలో బర్క్‌లీ, యూసీఎల్ఏ ఉన్నాయి కదా. 2025లో చేరిన బయటి రాష్ట్రం పిల్లలు మామూలు ట్యూషన్ మీద అదనంగా కట్టిందే 37,602 డాలర్లు. మొత్తం ఖర్చు 80 వేల చుట్టూ తేలుతుంది, ఆదాయాన్ని బట్టి ఆ విశ్వవిద్యాలయం ఇచ్చే గ్రాంటు బయటివాళ్లకు దొరకదు. అర్బానా-షాంపేన్ సీఎస్ బయటివాళ్లకు 60 వేల పైనే. జార్జియా టెక్ కూడా 45 వేలు దాటుతుంది. అంటే ఇరవైలో అయిదారు చోట్ల సీటు వచ్చినా చేరలేరు. అలాంటి చోటికి దరఖాస్తు ఎందుకు?

పర్డ్యూ ఈ వరసలో వింత. 2013 నుంచి ట్యూషన్ పెంచలేదు. బయటి రాష్ట్రం వాళ్లకు సుమారు 28,800 డాలర్లు. తిండీ బసా కలిపినా 45 వేల దగ్గర్లో ఆగుతుంది.

అసలు తలకిందులు ఏమిటంటే, అందరూ ఖరీదైనవనుకునే ప్రైవేటు కాలేజీలే ఒక్కోసారి చవక. 2025 నుంచి ఎంఐటీలో, ఏడాదికి 2 లక్షల డాలర్ల లోపు ఆదాయం, మామూలు స్థాయి ఆస్తులు ఉన్న ఇళ్లకు ట్యూషన్ లేదు. హార్వర్డ్‌లోనూ అంతే, ప్రిన్స్‌టన్ సాయమూ అలాగే ఉదారం. అందుకే రెండో జాబితాలో పై మెట్టు మీద బర్క్‌లీ లేదు, ప్రిన్స్‌టన్ ఉంది. రావడం రెండుచోట్లా కష్టమే. కష్టపడి వచ్చాక చేరగలిగేది ఒకటే.

ఇది నోటి లెక్కతో తేల్చేది కాదు. ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో, సాయం పోను మీ ఇంటికి పడే ఖర్చు అంచనా వేసే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంటుంది. 2011 నుంచి చట్టమే పెట్టించింది. కిందటి ఏడాది పన్ను రిటర్ను పక్కన పెట్టుకుని ఆదాయం, పొదుపు, సొంత వ్యాపారం ఉంటే దాని విలువ నింపాలి. ఊరికే అంచనా అంకెలు కొడితే అంచనా జవాబే వస్తుంది. ఇండియాలో ఉన్న ఫ్లాట్లు, స్థలాలు చాలామంది రాయరు. సీఎస్ఎస్ ప్రొఫైల్ (ఆర్థిక సాయం కోసం నింపే వివరమైన ఫారం) అడిగే కాలేజీలు వాటినీ అడుగుతాయి, లెక్క అక్కడ మారిపోతుంది.

హెచ్-4 మీద, అంటే తల్లి లేదా తండ్రి హెచ్-1బీ వీసాకు ఆధారితంగా ఉన్న పిల్లలకు ఈ భాగమంతా ఇంకో రకం. ఎఫ్ఏఎఫ్ఎస్ఏ (కేంద్ర ప్రభుత్వ సాయానికి పెట్టే దరఖాస్తు) వాళ్లకు వర్తించదు. చాలా ప్రైవేటు కాలేజీలు వాళ్లని అంతర్జాతీయ విద్యార్థుల కింద చూస్తాయి, సాయం అడిగితే అది అడ్మిషన్ మీదే పడుతుంది. ఎంఐటీ, ప్రిన్స్‌టన్, హార్వర్డ్, యేల్ వంటి కొన్నే అలా చూడవు. టెక్సస్‌లో ఏడాదికి మించి స్థిరంగా ఉన్న హెచ్-4 పిల్లలకు ఇన్-స్టేట్ ఫీజు వస్తుంది, సంతోషం. కానీ గ్రీన్‌కార్డు రాకుండా 21 నిండితే ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారాలి, సాధారణంగా ఎఫ్-1 మీద స్థిర నివాసం చెల్లదు. అంటే మూడో ఏడాదిలో ఫీజు రెండింతలు దాటొచ్చు. పుట్టిన తేదీ చూసుకుని, అడ్మిషన్ ఆఫీసుని కాదు, రెసిడెన్సీ తేల్చే ఆఫీసుని ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

వ్యాసాల బరువు

ఇరవై కాలేజీలకు సగటున రెండున్నర అదనపు వ్యాసాలనుకున్నా 50. కాలిఫోర్నియా యూసీలది (బర్క్‌లీ, యూసీఎల్ఏ లాంటివాటిది) వేరే దరఖాస్తు. ఎనిమిది ప్రశ్నల్లో నాలుగు ఎంచుకుని ఒక్కోటి 350 పదాల లోపు రాయాలి. ఎంఐటీది ఇంకో పోర్టల్. ఆగస్టు నుంచి జనవరి 1 దాకా ఉన్నవి 22 వారాలు, అందులోనే కాల్‌కులస్ పరీక్షలు, రోబోటిక్స్ పోటీలు. నవంబరు చివరికి ఏం జరుగుతుందో తెలిసిందే: "మీ కాలేజీలోని సహకార వాతావరణం నన్ను ఆకట్టుకుంది" అన్న వాక్యం పేరు మార్చుకుని పదకొండు చోట్లకు వెళుతుంది. ఒక్కోసారి పేరు మార్చడం మరిచిపోయి కూడా వెళుతుంది. పది కాలేజీలైతే పాతిక లోపు వ్యాసాలు, ఒక్కోటి మూడుసార్లు తిరగరాసే తీరిక దొరుకుతుంది. ఫీజులు ఒక్కోటి 50 నుంచి 100 డాలర్లు. ఇరవైకి సుమారు 1,500.

ముందస్తు దరఖాస్తుల్లో ఏది?

ఎర్లీ డెసిషన్ అంటే కట్టుబాటు. విద్యార్థి, తల్లిదండ్రి, కౌన్సిలర్ ముగ్గురూ సంతకం చేస్తారు. సీటు వస్తే మిగతావన్నీ వెనక్కి తీసుకోవాలి. అవకాశం కొంత పెరిగే మాట నిజం. ఖర్చు ఎంతైనా పర్వాలేదన్న ఇంటికి అది బాగుంటుంది. 45 వేల హద్దున్న ఇంట్లో, కాలిక్యులేటర్ ఆ హద్దు లోపల చూపిస్తే తప్ప దాని జోలికి పోకూడదు. సాయం చాలకపోతే విడిపించుకోవచ్చు, కానీ అప్పటికి డిసెంబరు సగం గడిచిపోతుంది.

ముందే జవాబు తెలిసే ఎర్లీ యాక్షన్‌కి ఆ పీడ లేదు. మన పిల్లవాడు అక్టోబరు 15కి ఆస్టిన్, నవంబరు 1కి పర్డ్యూ, ఎంఐటీ పంపొచ్చు. ప్రిన్స్‌టన్ ముందస్తు మాత్రం వేరే ప్రైవేటు కాలేజీకి ముందస్తుగా వేయనివ్వదు. ఎంఐటీకి ముందు వేస్తే ప్రిన్స్‌టన్‌ను జనవరికి ఉంచాలి.

ఏ కాలేజీ ఏ మెట్టో తేల్చేదెలా

వాట్సాప్ గ్రూపులో "మావాడికి 1480కే వచ్చింది" అన్న మాట దేనికీ పనికిరాదు. కాలేజీ పేరు పక్కన కామన్ డేటా సెట్ అని కొట్టి వెతకండి: కాలేజీలు తమ అడ్మిషన్ల అంకెలను ఒకే నమూనాలో పెట్టే పత్రం అది, సీ1, సీ7 లాంటివి అందులో విభాగాల పేర్లు. సీ1లో ఎంతమంది వేశారు, ఎంతమందికి ఇచ్చారు. సీ7లో ఏ అంశానికి ఎంత బరువు; విద్యార్థి చూపిన ఆసక్తికి విలువిస్తే, వర్చువల్ సెషన్‌కైనా హాజరు కాకుండా దాన్ని సేఫ్టీ అనకండి. సీ9లో శాట్ అంకెలు: సీఎస్‌కి మొత్తం కాదు, గణితం అంకె విడిగా చూడాలి. స్కోరు ఐచ్ఛికమైన చోట ఆ అంకెలు పంపినవాళ్లవే, అంటే ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తాయి. హెచ్2ఏలో అవసరంతో పనిలేకుండా మెరిట్ మీద ఎంతమందికి ఎంత ఇచ్చారో ఉంటుంది. స్కూల్లో నావియాన్స్ చుక్కల పటం (పాత విద్యార్థుల మార్కులు, వాళ్లకు వచ్చిన జవాబులు చూపేది) ఉంటే అదీ చూడండి, కానీ సీటు వచ్చిందని చెప్పే ఆ ఆకుపచ్చ చుక్క సీఎస్‌దో చరిత్రదో అది చెప్పదు.

మొదటి జాబితాకి చోటే లేదని కాదు. ఫీజు అడ్డు కాని ఇల్లు, చేతిలో అప్పటికే ఇష్టమైన సీటు, వ్యాసాలు నిజంగా రాయడం ఇష్టమున్న పిల్ల, ఈ మూడూ కలిస్తే 14, 15 దాకా పోవచ్చు. పెద్ద మెరిట్ స్కాలర్‌షిప్ కోసమే వేటాడేవాళ్లకూ ఎక్కువ దరఖాస్తులు అవసరమే. అప్పుడు కూడా పెరగాల్సింది నడుమూ అడుగూ. మిగతా ఇళ్లకు కింది నుంచి కట్టినదే మేలు.

దానికొక పరీక్ష సెప్టెంబరులోనే పెట్టేయండి. అడుగు మెట్టు మీద ఉన్న నాలుగింటిలో ఒక్కోదాన్ని చూపించి, "మిగతావన్నీ పోయి ఇదొక్కటే వస్తే వెళ్తావా?" అని అడగండి. మొహం చిట్లిస్తే ఆ పేరు తీసేసి, క్యాంపస్ ఒకసారి చూపించి, ఒప్పుకునేది ఇంకొకటి వెతకాలి. ఆ నాలుగూ అక్టోబరు మొదటి వారంలోనే పంపేస్తే ఒకట్రెండు జవాబులు థ్యాంక్స్‌గివింగ్‌కి ముందే రావచ్చు. ఆ ఉత్తరం చేతిలో ఉన్న పిల్లవాడు డిసెంబరులో ప్రిన్స్‌టన్ వ్యాసం రాసే తీరు వేరుగా ఉంటుంది.